పన్ను పీకించే ముందు ఒక్కమాట

మొన్న పాలమూరులో మా చెల్లెలి ఆడబిడ్డ పెళ్లికి వెళ్లాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఠక్కున ఆగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. కాసేపటికి తేరుకుని, "రేపు పన్ను పీకిపిచ్చుకోవాలె బిడ్డా" అంది. నా గుండె గుభేల్మంది.

నల్లగొండలో మా అత్తమ్మ ఇలాగే మూడు పళ్లు పోగొట్టుకుంది. ఫ్లోరైడు నీళ్లకి పళ్లు గారపట్టిన ఊళ్లు కదా మావి, చెంపలో నొప్పంటే అందరి చూపూ పన్ను మీదికే పోతుంది. మూడోది తీశాకా నొప్పి పోలేదు. "ఇది పన్ను నొప్పి గాదే, కరెంటు కొట్టినట్టయితుంది" అని ఆవిడ మొత్తుకుంటే చాదస్తం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. మొహం కడుక్కున్నా, పసుపు రాసుకున్నా, బస్సు కిటికీ గాలి తగిలినా ఆ మెరుపు కొట్టేది.

చివరికి హైదరాబాదులో నరాల డాక్టరుగారు దాని పేరు చెప్పారు. ట్రైజెమినల్ న్యూరాల్జియా. ట్రైజెమినల్ అంటే మొహం స్పర్శని మెదడుకి చేరవేసే నరం. నుదురు, పైదవడ, కిందిదవడల వైపు మూడు పాయలుగా చీలుతుంది. చాలామందిలో మెదడు దగ్గర ఓ రక్తనాళం దాన్ని నొక్కుతుంటుంది. కొందరిలో గడ్డో, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బో కారణం. అందుకే ఎమ్మారై తీస్తారు. యాభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. 2011లో నటుడు సల్మాన్ ఖాన్ అమెరికాలో చికిత్స చేయించుకున్నది దీనికే.

మామూలు నొప్పి బిళ్లలు దీనికి పనిచేయవు. మొదట కార్బమజెపిన్ ఇస్తారు. అది వేసుకున్నాక దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. అత్తమ్మకి రెండేళ్లు బాగానే పనిచేసింది. తర్వాత మోతాదు పెంచితే తూలిపోయేది. అప్పుడు ఆపరేషన్ మాట వచ్చింది.

దారులు మూడు. మొదటిది, చెంపలోంచి సూది పంపి నరాన్ని వేడితోనో, గ్లిసరాల్‌తోనో, చిన్న బెలూన్‌తోనో మొద్దుబార్చడం. కోత లేదు, త్వరగా ఇంటికి రావచ్చు. కానీ చెంప తిమ్మిరెక్కుతుంది, కొన్నేళ్లకి నొప్పి తిరగబెట్టవచ్చు. రెండోది గామా నైఫ్. పేరుకే కత్తి, నిజానికి కిరణాలు. గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మూడోది, చెవి వెనక తెరిచి, నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ దూది పెట్టడం. పెద్ద ఆపరేషనే. కొద్దిమందికి వినికిడి దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అయితే మొహం స్పర్శ సాధారణంగా నిలుస్తుంది, ఉపశమనం ఎక్కువకాలం ఉంటుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన అమెరికా డాక్టరు జానెట్టా బృందం 1996లో 1,185 మంది ఫలితాలు ప్రచురించింది. పదేళ్ల తర్వాత కూడా దాదాపు 70 శాతం మంది మందుల్లేకుండా హాయిగా ఉన్నారు.

అత్తమ్మ కోతకి భయపడి సూదికే ఒప్పుకుంది. నాలుగేళ్లు సుఖంగా గడిచాయి. ఓ రోజు రొట్టె తింటూ మళ్లీ కళ్లు మూసుకుంది. "పైసలన్నీ బూడిదల పోసినట్టాయె" అని ఏడ్చింది. "తిరిగి రావడం ఈ జబ్బు గుణమమ్మా, మీ తప్పు కాదు. మళ్లీ సూదైనా చేయొచ్చు, రెండో దారైనా ఉంది" అన్నారు డాక్టరుగారు. ఈసారి ఆవిడే నిర్ణయించుకుంది. అరవై మూడో ఏట చెవి వెనక ఆపరేషన్ చేయించుకుంది.

ఇదంతా పెళ్లిలో ఆ పెద్దమ్మకి చెప్పాను. "ముందు పన్ను ఎక్స్‌రే తీయించు. పన్ను బాగుంటే పీకించకు, నరాల డాక్టరుకి చూపించు" అన్నాను. మన దగ్గర నిమ్స్‌లో నరాల విభాగాలున్నాయి.

ఇప్పుడు అత్తమ్మ పొద్దున్నే చెంపల నిండా పసుపు రాసుకుంటోంది. ఆవిడ నవ్వినప్పుడు కనిపించే ఆ ఖాళీ చూస్తే మాత్రం నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఇంట్లో పెద్దవాళ్లు "ఇది వేరే నొప్పి" అంటే, ఒక్కసారి నమ్మండి.