కక్ష్యలో శూన్యం: అపోహలు – వాస్తవాలు

అపోహ: అంతరిక్షంలో పరిపూర్ణ శూన్యం ఉచితంగా దొరుకుతుంది, అక్కడ చిప్పులు చేస్తే మలినమే అంటదు.

ఈ మాట వీడియోల నుంచి విద్యార్థుల ప్రాజెక్టుల్లోకి, అక్కడి నుంచి జనం పొదుపు సొమ్ము అడిగే ప్రచారాల్లోకి పాకింది. ఇది తప్పు. అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తున కూడా ఘన సెంటీమీటరుకు కోట్ల కణాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ పరమాణువులే. సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే నౌకను అవి ఢీకొట్టి ప్లాస్టిక్ పొరలను తినేస్తాయి, వెండిని పాడుచేస్తాయి. పైగా నౌకలోని జిగురు, రంగు, థ్రస్టర్లు కూడా వాయువులు వదులుతాయి. ఇంతకంటే మంచి శూన్యాన్ని భూమ్మీది ప్రయోగశాలలు రోజూ సాధిస్తున్నాయి.

అందుకే హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ ఇగ్నాటీవ్ బృందం కక్ష్యలో శూన్యాన్ని తామే తయారుచేసుకోవాల్సి వచ్చింది. 12 అడుగుల స్టీలు పళ్లెం ‘వేక్ షీల్డ్’ తన ముందున్న కణాలను పక్కకు నెడుతుంది. పడవ వెనక నీళ్లు కలిసేలోపు ఖాళీ మిగిలినట్టు దాని వెనక పలుచని చోటు ఏర్పడుతుంది. అక్కడ గాలియం ఆర్సెనైడ్ పొరలు పెంచారు. 1994లో పళ్లెం స్పేస్ షటిల్ రోబో చేతిని వదిలి విడిగా ఎగరలేకపోయింది; 1995, 1996లలో ఎగిరింది. తర్వాత మళ్లీ పైకి వెళ్లలేదు.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. భూమ్మీద గదిలో వదిలిన వాయువు గోడలకు తగిలి తిరిగొస్తుంది. పళ్లెం వెనక వదిలింది అలాగే వెళ్లిపోతుంది. ఈ విషయంలో ఏ పంపూ దానికి సాటిరాదు.

ఇంకో రెండు అపోహలున్నాయి. శూన్యంలో వస్తువు ఇట్టే చల్లారుతుందనడం తప్పు; గాలి లేనిచోట వేడి వికిరణంగానే పోతుంది. ఏ రెండు లోహాలు తాకినా అతుక్కుంటాయన్నదీ అంతే. ఆక్సైడ్ పొర లేని శుభ్రమైన ఉపరితలాలకే ఆ ముప్పు.

అసలు గందరగోళం శూన్యాన్నీ భారరహిత స్థితినీ ఒకటిగా చూడటం. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎస్‌ఆర్‌ఈ-1 అంతరిక్ష నౌకలోని కొలిమిలో లోహాన్ని కరిగించి స్ఫటికీకరించిన ప్రయోగం భారరహిత స్థితి కోసమే. అంతరిక్ష కేంద్రంలో జెడ్‌బ్లాన్ గాజు తీగలు లాగేదీ మూసిన పెట్టెలోనే. ప్రాజెక్టు రాసేవాళ్లు ఈ రెంటిలో ఏది కావాలో మొదటి పేజీలోనే తేల్చండి. శూన్యమే అయితే ఏ ఎత్తున, ఎన్ని టార్ల పీడనం, నౌకకు ఏ వైపున అన్నది రాయండి. ఆ అంకెలు చూపని ప్రచారానికి డబ్బు కట్టకండి.