నీల్ యంగ్ హిట్స్: లెక్కలకు దొరకని పాటలు

గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్‌లో ఏ పాటలుండాలో ఎవరు తేల్చాలి? కెనడాలో పుట్టిన కంట్రీ రాక్ గాయకుడు నీల్ యంగ్ 2004లో ఆ పని లెక్కలకే వదిలేశాడు. రికార్డుల అమ్మకాలు, రేడియో ప్రసారాలు, డౌన్‌లోడ్లు చూసి 16 పాటలు తీశారు. రోజంతా డేటాతో కుస్తీ పట్టే నాకు ఈ ఐడియా భలే నచ్చింది.

1972లో అమెరికాలో నంబర్ వన్ అయిన ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ ఉంది. 1970లో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులకు నలుగురు విద్యార్థులు బలైతే రాసిన ‘ఒహాయో’ కూడా ఉంది.

ఆల్బమ్ మొదటి మూడు పాటల్లో రెండో గిటార్ డానీ విట్టెన్‌ది. హెరాయిన్‌కి బానిసైన అతను 1972లో చనిపోయాడు. హెరాయిన్ చేసే నాశనం గురించి నీల్ పాడిన ‘ద నీడిల్ అండ్ ద డ్యామేజ్ డన్’ ఇందులో ఉంది. కానీ డానీ పోయాక ఆ దుఃఖంలోంచి పుట్టి, 1975లో వచ్చిన ‘టునైట్స్ ద నైట్’ ఆల్బమ్ నుంచి ఒక్క పాటా లేదు! లెక్కల్లో అది వెనకబడింది మరి.

నీల్ యంగ్‌ని కొత్తగా వినేవాళ్లు హిట్స్‌తోనే మొదలుపెట్టండి. కానీ అక్కడే ఆగిపోకండి. తర్వాత ‘టునైట్స్ ద నైట్’ పెట్టుకుని, స్కిప్ కొట్టకుండా వినండి. గొంతు అక్కడక్కడా తడబడుతుంది. స్నేహితుణ్ని పోగొట్టుకున్న మనిషి గొంతు అలాగే ఉంటుంది కదా!