స్టీరింగ్ బలహీనమైతే తప్పంతా సర్వోదేనా?

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఎలాగో, కోల్‌కతాలో చాందనీ చౌక్ అలాగ. ధర్మతల్లాకు దగ్గర్లోని ఈ మార్కెట్లో చిన్న రెసిస్టర్ నుంచి బ్యాటరీల దాకా ఎలక్ట్రానిక్ సామాన్లు దొరుకుతాయి. రిమోట్‌తో నడిచే ఆర్‌సీ ట్రక్కులు, కాలేజీ రోబోలు తయారుచేసుకునేవారికి ఇలాంటి మార్కెట్లే దిక్కు. ట్రక్కు సరిగా మలుపు తిరగడం లేదనగానే చాలామందికి తట్టే పరిష్కారం ఒక్కటే: ఇంకా పెద్ద సర్వో కొనడం. కానీ డబ్బు ఖర్చయ్యాక కూడా స్టీరింగ్ అలాగే ఉండొచ్చు. ఒక్కోసారి ట్రక్కు మొత్తంగా అదుపు తప్పనూవచ్చు. ఎందుకిలా?

సర్వో ఏం చేస్తుంది?

ఫ్రెంచ్ ఇంజినీరు జోసెఫ్ ఫార్కో 1873లో ప్రచురించిన పుస్తకంలో 'సర్వోమోటార్' అనే మాట కనిపిస్తుంది. ఓడ చుక్కానిని ఆవిరి బలంతో తిప్పే యంత్రాల గురించిన పుస్తకమది. ఆర్‌సీ ట్రక్కులోని సర్వో పనీ అదే. చిన్న డబ్బాలో ఒక మోటారు, గేర్లు, షాఫ్ట్ ఏ కోణంలో ఉందో చెప్పే పొటెన్షియోమీటరు, ఒక సర్క్యూట్ ఉంటాయి. మామూలు సర్వోకు 20 మిల్లీసెకన్లకోసారి రిసీవర్ నుంచి పల్స్ అందుతుంది. పల్స్ నిడివి 1.5 మిల్లీసెకన్లయితే చక్రాలు నిటారుగా ఉంటాయి. 1 వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే రెండో పక్కకు తిరుగుతాయి.

దాని బలాన్ని కేజీ-సెంటీమీటర్లలో చెబుతారు. 10 కేజీ-సెం.మీ. సర్వో అంటే, షాఫ్ట్ నుంచి 1 సెం.మీ. దూరంలో 10 కిలోల బలం చూపగలదని. హార్న్ పొడవు 2 సెం.మీ. అయితే ఆ బలం 5 కిలోలకు పడిపోతుంది. కాబట్టి లింకును హార్న్‌లో లోపలి రంధ్రానికి మార్చినా బలం పెరుగుతుంది. కాకపోతే చక్రాలు తిరిగే కోణం కొంత తగ్గుతుంది.

ముందు చక్రాల నుంచి మొదలుపెట్టాలి

ట్రక్కు ముందు భాగాన్ని పైకెత్తి స్టీరింగ్ తిప్పి చూడాలి. గాలిలో కూడా చక్రాలు పూర్తిగా తిరగకపోతే ఎక్కడో పట్టేస్తోందని అర్థం. అప్పుడు బ్యాటరీ తీసేసి, హార్న్ నుంచి లింకు ఊడదీసి, చక్రాలను చేత్తో తిప్పాలి. తేలిగ్గా కదలకపోతే వంగిన స్క్రూ, తుప్పు పట్టిన బేరింగ్, కీళ్లలో ఎండిన మట్టి లాంటివి వెతకాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల్లో తడిసే కోల్‌కతాలో, ఒండ్రు నేల బంకమట్టిలో తిరిగిన బండికి ఈ తనిఖీ మరీ అవసరం.

గాలిలో బాగానే తిరిగి, నేల మీద తిరగకపోతే సర్వో సేవర్‌ను చూడాలి. చక్రానికి దెబ్బ తగిలినప్పుడు గేర్లు విరగకుండా ఆ అదురును మింగే స్ప్రింగ్ ఇది. స్ప్రింగ్ వదులైతే హార్న్ కదులుతుంది కానీ చక్రం కదలదు. అక్కడ 25 కేజీల సర్వో పెట్టినా ప్రయోజనం ఉండదు. సేవర్‌ను బిగించాలి, లేదా మార్చాలి.

కరెంటు చాలకపోతే?

చాలా ట్రక్కుల్లో సర్వోకు కరెంటు ఇచ్చేది స్పీడ్ కంట్రోలర్‌లోని బీఈసీ అనే భాగం. విరివిగా దొరికే ఎంజీ996ఆర్ సర్వోనే చూస్తే, దాని వివరాల ప్రకారం 4.8 వోల్టుల దగ్గర 9.4 కేజీ-సెం.మీ., 6 వోల్టుల దగ్గర 11 కేజీ-సెం.మీ. బలం ఇస్తుంది. చక్రం ఇరుక్కుని ఆగిపోతే 6 వోల్టుల దగ్గర సుమారు 2.5 ఆంపియర్లు లాగుతుంది. ఇంతకన్నా పెద్ద సర్వోలు ఇంకా ఎక్కువే లాగుతాయి.

బీఈసీ అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోతుంది. సర్వో మరింత బలహీనమవుతుంది. ఇంకా పడితే రిసీవర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. పార్కులో పిల్లల మధ్య పరిగెడుతున్న రెండు మూడు కిలోల ట్రక్కు ఆ కాసేపు ఎవరి మాటా వినదు. అందుకే రిసీవర్‌లోని ఖాళీ ఛానెల్‌కు మల్టీమీటర్ పెట్టి, చక్రాలను నేల మీద తిప్పుతూ వోల్టేజీ చూడాలి. అది బాగా పడిపోతుంటే ముందు కొనాల్సింది సర్వో కాదు, విడిగా దొరికే బీఈసీ.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ఇవన్నీ సరిగా ఉండి కూడా చక్రాలు తిరగకపోతే అప్పుడు సర్వో మార్చాలి. మామూలుగా తిప్పే 1/10 సైజు ట్రక్కుకు 10 నుంచి 15 కేజీ-సెం.మీ. సాధారణంగా సరిపోతుంది. రాళ్ల మీద పాకే క్రాలర్లకు, పెద్ద టైర్ల బండ్లకు 20 దాటితే మేలు. రేసు బండికి వేగం ముఖ్యం. 60 డిగ్రీలు తిరగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. క్రాలర్‌కు అంత వేగం అక్కర్లేదు.

డబ్బా మీద రాసిన బలం ఏ వోల్టేజీ దగ్గరో తప్పక చదవాలి. 7.4 వోల్టుల దగ్గర 25 కేజీలిచ్చే సర్వో 6 వోల్టుల దగ్గర అంత ఇవ్వదు. రెండు సెల్స్ లిపో బ్యాటరీ నిండా ఛార్జయితే 8.4 వోల్టులుంటుంది. 6 వోల్టుల సర్వోను నేరుగా దానికి కలిపితే కాలిపోవచ్చు. షాఫ్ట్ పళ్ల లెక్క కూడా కుదరాలి. 25 పళ్లవి ఎక్కువగా దొరుకుతాయి, 23, 24 పళ్లవీ ఉన్నాయి. ఒకదాని హార్న్ మరొకదానికి సరిపోదు.

బిగించాక రిమోట్‌లో ఎండ్ పాయింట్లు సరిచేయాలి. చక్రం చివరిదాకా తిరిగాక కూడా సర్వో గుయ్యిమంటుంటే, ఆగిన చక్రాన్ని ఇంకా నెడుతున్నట్టు. అలా వదిలేస్తే కొత్త సర్వో కూడా వేడెక్కి పాడవుతుంది. రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ ఉంటే, సిగ్నల్ తెగగానే థ్రాటిల్ సున్నాకు వచ్చేలా పెట్టుకోవాలి. స్టీరింగ్ ఎంత బలంగా ఉన్నా, సిగ్నల్ తెగిన బండిని ఆపేది అదే.