నేతిచెంచాయు, మద్యపు గ్లాసును

స్థూలకాయమును గూర్చిన చింత నేడు పెక్కు గృహములయందు గలదు. అన్నము తగ్గింతురు, నేయి మానుదురు, తీపి వస్తువులను దూరముగ నుంతురు. కాని సాయంకాలమున గ్లాసులో వంచుకొను మద్యమును మాత్రము ఆహారముగ లెక్కించువారు మిక్కిలి యరుదు. అది పానీయమే గాని భోజనము కాదని వారి తలంపు. ఈ పొరపాటును గూర్చియే సోదరీమణులకు రెండు మాటలు విన్నవింప దలచితిమి.

మాకు తెలిసిన యొక యిల్లాలు ఆరు నెలలు భర్తకు నేయి వడ్డింపలేదు. రాత్రివేళ అన్నమునకు బదులు జొన్నరొట్టెలు పెట్టినది. అయినను ఆయన నడుము అంగుళమైనను తగ్గలేదు. “అక్కయ్యా! నా వంటలోనే యేదియో దోషమున్నది కాబోలు” నని యామె మాయెదుట కంటనీరు పెట్టుకొన్నది. విచారింపగా, ఆయన వారమున ఐదు రాత్రులు రెండేసి పెగ్గుల విస్కీని, దానితో గుప్పెడు వేయించిన వేరుసెనగపప్పును పుచ్చుకొనుట తేలినది. ఆ లెక్క ఆమె వంటయింటి పద్దులో నెన్నడును చేరలేదు.

ఆ పద్దును మేమిద్దరమును గూర్చుండి వ్రాసితిమి. ఒక గ్రాము పిండిపదార్థము 4 కెలోరీల శక్తి నిచ్చును. క్రొవ్వు 9 కెలోరీల నిచ్చును. మద్యసారము 7 కెలోరీల నిచ్చును. అనగా మద్యము శక్తిలో క్రొవ్వునకే దగ్గర చుట్టము. మన దేశపు విస్కీ 60 మిల్లీలీటరులలో సుమారు 140 కెలోరీలుండును. ఇది మూడు చిన్న చెంచాల నేతితో సమానము. 180 మిల్లీలీటరుల క్వార్టరు సీసా తొమ్మిది చెంచాల నేతికి తక్కువ కాదు. 650 మిల్లీలీటరుల బీరుసీసాలో సుమారు 270 కెలోరీలు గలవు. ఆ యిల్లాలు విస్తరిలో ఒక్క చెంచా నేతిని మాన్పించుచుండగా, ఆయన ఆరు చెంచాలకు సరియైన దానిని గ్లాసులో త్రాగుచుండెను!

ఇంతటితో ముగియలేదు. మద్యసారమును దాచుకొను చోటు శరీరమున లేదు. కావున కాలేయము తక్కిన పనులను వెనుకకు నెట్టి, మొదట దానినే ఖర్చు చేయును. అంతవరకు క్రొవ్వు కరుగుట మందగించును. తిన్న వేపుడులలోని క్రొవ్వు పొట్టచుట్టును, కాలేయమునందును నిలువచేరును. త్రాగినవేళ ఆకలి హెచ్చును, నిగ్రహము సడలును. నిద్ర త్వరగ వచ్చినను నడిరేయి చెదరును. తెల్లవారిన పిమ్మట నడకకు కాలాడదు. చిరకాలము మితిమీరి త్రాగువారు కొందరు చిక్కిపోవుటయు గలదు. అది ఆరోగ్యము గాదు, వ్యాధి.

మరి యేమి చేయవలెను? ఈ విషయమున చరకసంహిత మంచి త్రోవ చూపినది. అలవాటుపడిన అహితమును ఒక్కుమ్మడిగ గాక నాలుగవ పాలు చొప్పున విడుచుచు, ఆ చోట హితమును నిలుపుచు రావలెనని సూత్రస్థానమునందలి యేడవ యధ్యాయమున గలదు. ఈ క్రమమునే యిట్లు అన్వయింపవచ్చును. 60 మిల్లీలీటరుల పెగ్గును మొదట 45కు దింపవలెను. కంటి యందాజున పోసిన పెగ్గు ఎప్పుడును పెద్దదే గావున కొలపాత్ర నుపయోగింపవలెను. పిమ్మట త్రాగు రాత్రులను ఒక్కొక్కటిగ తగ్గింపవలెను. త్రాగు వేళకే ముప్పది నిమిషములు వడిగ నడచినచో, వారమున ఐదు దినములకు 150 నిమిషములగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు విధించిన కనీసపు వ్యాయామమింతయే. నడక నుండి వచ్చినతోడనే అల్లము, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ నిచ్చి, పెందలకడ భోజనము పెట్టవలెను.

నెల కొకమారు ఒకే టేపుతో నడుము కొలిచి వ్రాసికొనుడు. మన దేశీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటరులు దాటరాదని వైద్యుల మాట. త్రాగు అలవాటున్న స్త్రీలకును ఈ లెక్క వర్తించును. గర్భిణులు మాత్రము బొత్తిగ ముట్టరాదు. కొంచెము త్రాగుట మేలని యెవరైన చెప్పినచో నమ్మకుడు. ఎంత కొలది మద్యమైనను నిరపాయమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

ఇచట రెండు హెచ్చరికలు. ప్రతిదినమును విస్తారముగ త్రాగువారు హఠాత్తుగ మానినచో చేతులు వణకుట, మూర్ఛలు, మతిభ్రమణము కలుగవచ్చును; ప్రాణభయమును గలదు. అట్టివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. రెండవది, భర్తకు తెలియకుండ కూరలో మందుపొడులు కలుపు పనికి ఎన్నడును పూనుకొనకుడు. వానిలో కొన్ని మద్యముతో కలిసి ప్రాణాపాయము తేగలవు. బయటపడిననాడు దాంపత్యమునందలి విశ్వాసమును పోవును.

1992లో నెల్లూరు మండలమునందలి దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చి, ఆ చదువు తోడుగ సారాపై పోరు సాగించిరి. వారిది పెను సాహసము. మనము చేయవలసినది చిన్న కూడిక మాత్రమే. కాని ఆ కూడికయు చదువు వలన గలిగిన బలమే గదా!

ఆ యిల్లాలు దెప్పలేదు, ఏడ్వలేదు. మేము వ్రాసిన లెక్కను భర్త బల్లపై నుంచినది. ఆయన చదివి రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు తానే కొలపాత్ర కొనితెచ్చెను. నాలుగు నెలలు గడచునప్పటికి వారమున కొక్క రాత్రికి దిగెను; నడుము రెండంగుళములు తగ్గినది. మొన్న వారింటికి మేము పోయినప్పుడు ఆమె ఆయన విస్తరిలో వేడియన్నముపై ఒక్క చెంచా నేయి వేయుచుండెను. ఆ చెంచా పద్దులో చేరినదే. అందుచేత ఆమె చేయి వెనుదీయలేదు.