ఆటగాని వెల – ఆటగాని విలువ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతునకు పశువుల బేరము కొత్త కాదు. రాజుపాలెము వంటి పల్లెలో పుట్టి పెరిగినవాడు కోడెను కొనునపుడు మొదట నోరు తెరిపించి పండ్లు చూచును. పాలపండ్లా, రెండు పండ్లా, ఆరు పండ్లా యని తెలిసికొనును. పిమ్మట గిట్టలు, మూపురము, నడక పరీక్షించును. తువాలు మాటున వ్రేళ్లు పట్టి దళారి తేల్చినది వెల. ఆ కోడె మడకకు ఎన్నేండ్లు నిలుచును, బండలాగు పందెమున ఎంత దూరము లాగును అనునది విలువ. ఈ రెండును ఒకటి కావని మన రైతు ఏ గ్రంథమును చదువకయే ఎరుగును.

నేడు ఇట్టి బేరమే మనుష్యుల ఆటలలోనికి వచ్చినది. క్రికెట్టు ఆటగాండ్రను వేలము వేయుచున్నారు. ఒక జట్టువారు తమ ఆటగానినిచ్చి మరియొకరి ఆటగానిని పుచ్చుకొనుచున్నారు. మనుష్యుని కోడెతో పోల్చుట తగునా యని ఉపాధ్యాయ మిత్రులు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము ముందు ముందు చెప్పుకొందము.

ఈ మారకపు విద్యలో ఆరితేరినవారు అమెరికా బేస్‌బాల్ జట్లవారు. అచట 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు ఏటా 162 పోటీలాడును. ఆటల కాలము సగము దాటిన పిదప, జూలై చివరనో ఆగస్టు మొదటనో, మారకములకు ఒక గడువుండును. గెలుపుపై ఆశ గల జట్లు ఆనాటికి అక్కరకు వచ్చు అనుభవజ్ఞులను కొనును. ఆశ వదలుకొన్న జట్లు వారినిచ్చి రేపటికి పనికివచ్చు పిన్నవారిని తెచ్చుకొనును. ఒకరికి నేడు కావలెను, మరియొకరికి రేపు కావలెను. బేరము కుదురుటకు కారణమిదే.

1987 ఆగస్టు 12వ తేదీన డెట్రాయిట్ జట్టు డాయిల్ అలెగ్జాండర్ అను 36 ఏండ్ల బౌలరును అట్లాంటా నుండి తెచ్చుకొనెను. బదులుగా ఇచ్చినది జాన్ స్మోల్ట్స్ అను 20 ఏండ్ల యువకుని. అలెగ్జాండర్ మిగిలిన ఆటలలో తొమ్మిది గెలిచి, ఒక్కటియు ఓడలేదు. డెట్రాయిట్ తన విభాగమున ప్రథమ స్థానము పొందెను. అయితే తదుపరి పోటీలలో అతడు ఆడిన రెండు ఆటలును ఓటములే. రెండేండ్లకు ఆటనుండి విరమించెను. స్మోల్ట్స్ మాత్రము అట్లాంటా పక్షమున మేటియై, మొత్తము 213 విజయములు సాధించి, 2015లో బేస్‌బాల్ కీర్తిమందిరమున స్థానము పొందెను. డెట్రాయిట్ మోసపోయినదని లోకము నవ్వును. కాని ఆ తొమ్మిది గెలుపులు లేనిచో ఆ ఏటి ప్రథమ స్థానమెక్కడిది? కొన్న వస్తువు పనిచేసినది. చెల్లించిన మూల్యమే మిక్కిలి పెద్దది.

ఇట్టి కథయే మన హైదరాబాదునందును జరిగినది. 2018 ఐపీఎల్ ముగిసిన పిమ్మట సన్‌రైజర్స్ జట్టు శిఖర్ ధవన్‌ను ఢిల్లీకిచ్చి, విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ అను మువ్వురిని తీసికొనెను. ధవన్ వెల 5 కోట్ల 20 లక్షలు. మువ్వురి వెల కలిపి 6 కోట్ల 95 లక్షలు. అందు అభిషేక్ వంతు 55 లక్షలు మాత్రమే. ధవన్‌కు అప్పటికి 33 ఏండ్లు నిండవచ్చుచున్నవి, అభిషేక్‌కు 18.

తరువాతి మూడేండ్లు చూచినవారు ఢిల్లీయే గెలిచినదనిరి. ధవన్ 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు చేసెను. ఏడేండ్ల తరువాత ఢిల్లీ తుది ఘట్టములకు చేరెను. 2020లో అంతిమ పోటీయు ఆడెను. ఇటు అభిషేక్‌కు ఆడుటకు దొరికిన ఆటలే కొద్ది. 2022 వేలము నాటికి శంకర్, నదీమ్ ఇద్దరును వేరు జట్లకు పోయిరి. ఆ వేలమున సన్‌రైజర్స్ అభిషేక్‌ను ఆరున్నర కోట్లకు మరల కొనెను. 2024లో అతడు 484 పరుగులు, 42 సిక్సర్లు కొట్టెను. 2025 ఏప్రిల్ 12న హైదరాబాదులో పంజాబుపై 55 బంతులలో 141 పరుగులు చేసెను. ఐపీఎల్‌లో ఒక భారతీయుడు ఒక్క ఆటలో అంతకు మున్ను అన్ని పరుగులు చేయలేదు.

ఇప్పుడు ఎవరు గెలిచిరి? 2020లో అడిగిన ఒక తీర్పు, 2025లో అడిగిన మరియొక తీర్పు. కావున మారకమును తూచునపుడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది, ఈ ఆటగాడు లేనిచో సులభముగ దొరకు సామాన్యునికంటె ఇతడెంత మేలు? బేస్‌బాల్ గణకులు ఈ భేదమునే గెలుపుల లెక్కలో చెప్పుదురు. మంచి ప్రారంభకులు ముందే ఉన్న జట్టునకు మరియొక ప్రారంభకుని విలువ తక్కువ. లేని జట్టునకు అతడే ప్రాణము. రెండవది, ఆ మేలు ఎంత కాలముండును? మూడవది, అందులకు ఇచ్చినదేమి? ధనమొక్కటే కాదు, వదలుకొన్న మనిషియు మూల్యమే. నాల్గవది, బేరము నాడు తెలిసినదెంత? ఫలము చూచిన పిమ్మట బుద్ధిమంతుడగుట ఎవరికైనను సులభము.

మన కడప జిల్లా బిడ్డ శ్రీచరణి కథయు ఈ సందర్భమున స్మరింపదగినది. ఈ ఎడమచేతి స్పిన్నరును 2024 డిసెంబరులో మహిళల ప్రీమియర్ లీగు వేలమున ఢిల్లీ జట్టు 55 లక్షలకు కొనెను. 2025 ప్రపంచ కప్పులో ఆమె 14 వికెట్లు తీసెను, భారతము విజేతయయ్యెను. ఆ నవంబరులోనే జరిగిన వేలమున అదే ఢిల్లీ ఆమెకు కోటి 30 లక్షలిచ్చెను. ఒక్క యేటిలో ఆమె నేర్పు రెండింతలు మించెనా? నేర్పు కొంత పెరిగియుండవచ్చును. మిక్కిలి పెరిగినది లోకము చూపు. వెల విలువను వెంబడించును గాని, తరచు ఆలస్యముగ చేరును.

ఇక మనుష్యుని కోడెతో పోల్చుట మాట. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అను ఆటగానిని ఫిలడెల్ఫియాకు మార్చివేసెను. తాను అమ్ముడు వస్తువును కానని అతడు పోనిరాకరించి, న్యాయస్థానమున కెక్కెను. 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు అతనికి వ్యతిరేకముగ వచ్చెను. అతని ఆట అప్పటికే ముగిసెను. కాని పదేండ్లు ఆడి, అందు కడపటి ఐదేండ్లు ఒకే జట్టున ఉన్నవాడు మారకమును కాదనవచ్చునను నియమము ఆ వెంటనే ఏర్పడెను. నేడు ఐపీఎల్ మారకమునకును ఆటగాని సమ్మతి కావలెను. కోడె నడుగువారు లేరు. మనిషి నడుగక తప్పదు. వేరొక భేదము కూడ కలదు. కోడె బలము సంతనాడే దాని ఒంటిలో నున్నది. మనిషి బలములో కొంత, అతనికి దొరకు చోటులో నున్నది.

బడిలోనూ ఏటి నడుమ ఒక గడువు వచ్చును. దానికి అర్ధ సంవత్సర పరీక్ష యని పేరు. ఆ మార్కులు చూచి వీడు పనికివచ్చును, వాడు రాడు అని బల్లల వరుసలు మార్చు అలవాటు మనలో పెక్కుమందికి కలదు. మార్కు ఆనాటి వెల. అది అబద్ధము కాదు. కాని అదియే విలువ కాదు. 2019లో అభిషేక్ శర్మ బల్లపై కూర్చుండి ఇతరుల ఆట చూచుచున్నపుడు అతని లెక్క చూచినవారికి అందేమియు కనబడలేదు. అయినను జట్టువారు అతనిని వదలుకొనలేదు. వెనుక వరుసలోని పిల్లవానికి మనమీయగలిగినదియు అంతియే: మరి కొన్ని ఆటలు, మరి కొంత కాలము.