తండా నుండి జాగ్రెబ్ మైదానానికి



"ఆటలు కూడు పెడతాయా?" అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినబడేదే. సామర్లకోట చుట్టుప్రక్కల పల్లెల్లో మగపిల్లవాడు సాయంత్రం బ్యాటు పుచ్చుకొని పోతే పెద్దలు చూచీ చూడనట్టు ఊరుకుంటారు. ఆడపిల్ల బంతి కోసం గడప దాటితే మాత్రం ఇరుగుపొరుగు ఏమనుకుంటారో, రేపు సంబంధాలు ఎలా వస్తాయో అన్న బెంగ పుడుతుంది. అట్టి తలిదండ్రులు ఆలోచించదగిన జీవితం ఒకటి తెలుగు నేలపైనే ఉన్నది. ఆమె గుగులోత్ సౌమ్య.

సౌమ్య 2001వ సంవత్సరంలో నిజామాబాద్ జిల్లాలో, తండాలో వ్యవసాయం చేసుకొనే లంబాడీ కుటుంబంలో పుట్టింది. పిల్లలకు ఖరీదైన బూట్లు, మంచి మైదానాలు అమర్చగల కుటుంబం కాదు. అయినను ఆ పిల్ల కాళ్లలోని వేగాన్ని గుర్తించి బంతి ఆట నేర్పినవారున్నారు, పంపించిన తలిదండ్రులున్నారు. చిన్న వయసులోనే దేశపు బాలికల జట్టులో చోటు దొరికింది. తరువాత పెద్దల జట్టులోను, గోకులం కేరళ క్లబ్బులోను ఆడింది.

2022లో ఆమెకు పెద్ద తలుపు తెరుచుకుంది. ఐరోపాలోని క్రొయేషియా దేశపు రాజధాని జాగ్రెబ్‌లో డైనమో జాగ్రెబ్ అను పేరుగల క్లబ్బు ఉన్నది. ఆ క్లబ్బు మహిళల జట్టు సౌమ్యను, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌ను చేర్చుకున్నది. ఊరికే పిలిచి చేర్చుకోరు. ముందుగా వారి ఎదుట ఆడి చూపాలి. నచ్చితేనే ఒప్పందం వ్రాస్తారు. ఆ తరువాత ఆటే ఉద్యోగం. రోజూ సాధన, తిండిలో క్రమం, సమయానికి నిద్ర. భాష తెలియదు, చలి కొరుకుతుంది, అమ్మ చేతి అన్నం ఉండదు. ఇరవై ఒక్క ఏండ్ల పిల్ల వీటన్నిటి నడుమ నిలబడి ఆడింది.

ఈ క్రొయేషియా ఎంత దేశమో తెలుసా? 2021 లెక్కల ప్రకారం జనాభా 39 లక్షల లోపే. మన పాత తూర్పు గోదావరి జిల్లాలోనే 2011 లెక్కల్లో 51 లక్షల మంది ఉన్నారు. అయినను ఆ చిన్న దేశపు పురుషుల జట్టు 2018 ప్రపంచ కప్పులో ఫైనల్ వరకు వెళ్లింది, 2022లో మూడవ స్థానం పొందింది. జనం ఎక్కువుంటే చాలదు. చిన్ననాడే పిల్లల చేతికి బంతి ఇచ్చి, నేర్పేవారిని పెట్టి, ఓపికగా పెంచాలి.

సౌమ్య స్వదేశానికి తిరిగి వచ్చి కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టుపై ఆమె చేసిన ఒకే ఒక గోలుతో ఈస్ట్ బెంగాల్ మహిళల జాతీయ లీగు గెలుచుకుంది. ఆ ఏడే ఆమె దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బహుమానం పొందింది. జూన్‌లో మంగోలియాపై భారత్ 13-0తో గెలిచినప్పుడు రెండు గోల్స్ ఆమెవే. ఆ పోటీల ద్వారానే మన మహిళలు 2026 ఆసియా కప్పుకు అర్హులయ్యారు.

అదే ఈస్ట్ బెంగాల్‌కు ఒకప్పుడు నాయకత్వం వహించినవాడు సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోల్స్ చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. అయితే అనారోగ్యం వలన, ముప్పై ఏండ్లు నిండకమునుపే ఆట విడువవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో తన 86వ ఏట మరణించాడు.

ఈ రెండు జీవితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. సౌమ్య బ్రతుకు మనతో, పిల్లను ఆపవద్దని చెప్పుచున్నది. బలరాం బ్రతుకు, ఆటనే నమ్మి చదువు మాన్పించవద్దని చెప్పుచున్నది. ఆటగాని కాలం చిన్నది. మోకాలికి ఒక్క దెబ్బ చాలు, ఒక్క జబ్బు చాలు. గనుక పుస్తకమూ బంతీ రెండూ ఇంట ఉండాలి. పదవ తరగతి, ఇంటర్ పూర్తి చేసిన పిల్లకు ఆట ఆగిపోయినా దారి మూసుకుపోదు.

తల్లులారా, తండ్రులారా, ప్రతి పిల్లా విదేశాలకు వెళ్లదు. వెళ్లనక్కరలేదు. కాని మీ బిడ్డకు ఇవ్వబడిన తలాంతు ఏమిటో మీరు చూచారా? రేపు సాయంత్రం మీ అమ్మాయి బడి మైదానంలో ఇంకో అరగంట ఉంటానని అడిగితే వెంటనే కాదనకండి. ఎవరు నేర్పుచున్నారో, తోడు ఎవరున్నారో కనుగొనండి. వీలైతే మీరే వెళ్లి గట్టున కూర్చొని చూడండి. అంట్లు అరగంట ఆగినా ఏమీ కాదు.