ఆచారము వేరు, ఆజ్ఞ వేరు

"మా అమ్మాయి విశాఖపట్నంలో ఎమ్మే చదువుతానంటోంది. ఆఫ్రికాలో ఆడవాళ్లకు ఏ హక్కులున్నాయో, మగవాళ్లకు ఏ పనులున్నాయో నేర్చుకుంటుందట. ఆ చదువు మనకెందుకండీ?" అని కోనసీమలో ఒక సంఘపెద్ద మమ్మల్ని అడిగారు. ధాన్యం అమ్మి ఫీజు కట్టే తండ్రి అడగవలసిన ప్రశ్నే అది.

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయన కేంద్రానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు పెట్టారు. ఆమె 1909లో మన రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ వచ్చాక ఆ పెళ్లి వద్దని నిలబడి చదువుకున్నారు. ఆడపిల్లల చదువు మన గోదావరి గడ్డకు కొత్త కాదు.

ఇక ఆ చదువు సంగతి. దేవుడు స్త్రీనిగాను పురుషునిగాను మనుష్యులను సృజించాడు. పొలం ఎవరిది, వంట ఎవరిది అన్న ఏర్పాటు మాత్రం ఒక్కొక్క జాతి ఒక్కొక్క విధంగా చేసుకుంది. ఆ ఏర్పాటును పరిశీలించడమే ఈ చదువు.

ఒక ఉదాహరణ చెబుతాము. నైజీరియాలో ఇగ్బో ప్రజల ఊరు న్నోబి. పూర్వం అక్కడ మగసంతానం లేని తండ్రి, అత్తవారింట ఉన్న కూతురిని తిరిగి పిలిపించి, అందరి యెదుట కొడుకు స్థానమిచ్చి ఇల్లూ పొలమూ అప్పగించే ఆచారముండేది. ఇఫి అమడియుమే అనే విదుషి 1987లో దీని గురించి ఒక గ్రంథం రాశారు. తెల్లవారి పాలనా, మిషనూ వచ్చాక అక్కడి స్త్రీల అధికారం తగ్గిందని కూడా ఆమె వాదించారు. ఆ మాట మనకు చేదే; అయినా వినదగినదే. అక్కడి ఆచారాలన్నీ మంచివని మేము చెప్పడం లేదు. మన ఆచారమొక్కటే లోకంలో లేదని మాత్రం గ్రహించాలి.

ఇది చదివినప్పుడు మాకు సంఖ్యాకాండము 27వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. సెలోపెహాదుకు కుమారులు లేరు. అతని కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యం అడిగారు. మోషే వారి సంగతి ప్రభువు సన్నిధికి తీసుకుపోయాడు. వారు అడిగినది న్యాయమేనని ప్రభువు తీర్పిచ్చాడు.

మన సంగతేమిటి? తండ్రి విల్లు రాయకుండా చనిపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకూ కూతురికీ వాటా సమానమే. అయినా "కట్నం ఇచ్చాంగా" అంటూ ఆడపిల్ల చేత హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టించే ఇళ్లు మన సంఘాలలో లేవా? ఆదివారం బల్ల దగ్గర అక్క పక్కన మోకరించే తమ్ముడే, సోమవారం ఆ కాగితం చాపితే ఏమనాలి? ఇది దేవుని ఆజ్ఞా? మన ఆచారమా?

దూరదేశపు ఇంటిని శ్రద్ధగా చూచి వచ్చిన బిడ్డ మన ఇంటిని కొత్త కళ్లతో చూస్తుంది. అందుకే ఆ తండ్రితో "పంపండి" అన్నాము. ఆమె చదువుకొని వచ్చి పొలం గురించి అడిగిననాడు, మోషేవలె చెవియొగ్గే మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక.